తలంబ్రాల రంగు

తాడేపల్లిగూడెంలో నరసింహమూర్తి గారి చీరల కొట్టుకి రెండు పేర్లున్నాయి. అక్కడ కొన్న చీర రంగు దిగదన్నది ఒకటి. ఆయన ఒకసారి చూసిన రంగు జన్మలో మరిచిపోరన్నది రెండోది. మొదటి పేరు ఊరు ఇచ్చింది. రెండోది ఆయనకి ఆయనే ఇచ్చుకున్నారు. కాకపోతే నలభై ఏళ్ళుగా ఎవరూ కాదనలేదు గనక అది కూడా ఊరు ఇచ్చిందనే ఆయన లెక్క.

అలాంటి మనిషిని కొట్లో మూలనున్న పాత కంప్యూటరు ఒక్క పూటలో బుర్ర తిరిగేలా చేసింది.

ఆ బుధవారం పొద్దున్నే ఆయన దేవుడి పటానికి అగరొత్తులు వెలిగించి, పరుపు మీద ఇలా కూర్చున్నారో లేదో, ఏలూరు నుంచి ఐశ్వర్య వచ్చింది. పెదపాడు హైస్కూల్లో లెక్కలు చెప్పే పట్టాభిరామయ్య మాస్టారి ఒక్కగానొక్క కూతురు. బ్యాంకులో పని చేస్తోంది. ఇంకో పాతిక రోజుల్లో పెళ్ళి. చీరలు చూపించబోతే వద్దని, సంచిలోంచి ఒక సీడీ తీసి ఆయన ముందు పెట్టింది.

"ఇది మా అమ్మా నాన్నల పెళ్ళి వీడియో అండీ బాబాయి గారూ. తలంబ్రాలప్పుడు అమ్మ ఏ రంగు చీర కట్టుకుందో, నా తలంబ్రాలకి అదే రంగు పట్టు నేయించి ఇవ్వాలి మీరు."

వాళ్ళమ్మ జగదాంబ ఈ పిల్లకి నాలుగేళ్ళప్పుడే జబ్బు చేసి పోయింది. కొల్లేటికోటలో ఉండే పెద్దమ్మ వీరరాఘవమ్మ తన దగ్గర పెట్టుకుని పెంచింది. అంతవరకూ నరసింహమూర్తి గారికి తెలుసు.

"దానికి సీడీ ఎందుకమ్మా? మీ పెద్దమ్మని అడిగితే సరిపోతుందిగా."

"పెద్దమ్మకి తెలియకూడదండీ. నేను పీటల మీదికి వచ్చేటప్పుడు చూసి, మా అమ్మే వచ్చిందనుకోవాలి. నన్ను పెంచినందుకు నేనేం ఇవ్వగలను చెప్పండి?" అని, కళ్ళు తుడుచుకోవడానికి ముఖం పక్కకి తిప్పుకుంది.

"పోనీ మీ నాన్నగారు?"

"నాన్న తల వంచుకుని కూర్చున్నారట, చీర చూడలేదంటారు. అమ్మ పోయిన రోజు అదే చీర కప్పి పంపించారట. అప్పుడన్నా చూశారు కదా అని అడిగితే, లేచి బయటికి వెళ్ళిపోయారు. మళ్ళీ అడగబుద్ధి కాలేదండీ."

ఆల్బమ్ కొల్లేటి చెమ్మకి అట్టకట్టుకుపోయింది. క్యాసెట్టు బూజు పట్టింది. అది పూర్తిగా పాడవకముందే ఎవరో పుణ్యాత్ముడు చేసిపెట్టిన సీడీ ఇదొక్కటే మిగిలింది. తీరా దీన్ని పెట్టి చూద్దామంటే ఈ రోజుల్లో సీడీ పట్టే పెట్టె ఎవరింట్లోనూ లేదు. గూడెంలో మూర్తి గారి కొట్లో ఇంకా ఉందని ఎవరో చెబితే వచ్చింది. సాయంత్రం బస్సులో నేతవాళ్ళకి నమూనా దారం పంపకపోతే చీర పెళ్ళికి అందదు. సాయంత్రంలోగా రంగు తేలాలి.

"ఇంతేనా! నిమిషం పని," అన్నారు నరసింహమూర్తి గారు. ఆ నిమిషం సాయంత్రం దాకా సాగింది.

ఆ కంప్యూటరుని పదిహేనేళ్ళ కిందట బిల్లుల కోసం కొన్నారు. ఒకసారి దానికి వైరస్ పట్టి మూలపడితే, ఏలూరులో ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ చూసుకునే మేనల్లుడు ఫణికిరణ్ వచ్చి దాంట్లో లినక్స్ ఎక్కించి వెళ్ళాడు. అప్పటినుంచి నోరెత్తకుండా బిల్లులు కొడుతోంది. దాంట్లో వీడియో చూడాలన్న ఆలోచన ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

సీడీ పెట్టారు. కాసేపు గరగరలాడి, పెళ్ళి మొదలైంది.

అందరూ నీలంగా ఉన్నారు. పురోహితుడు నీలం, బాజాభజంత్రీల వాళ్ళు నీలం, పెళ్ళికొడుకు మరీ నీలం. పెళ్ళికూతురి చీర లేత ఆకాశం రంగు. అది చాలనట్టు బొమ్మ మధ్యలో అడ్డంగా ఒక గీత పడి, ఎవరైనా ముఖం తిప్పితే నుదురు ముందు తిరుగుతోంది, గడ్డం ఆ వెనకాల తిరుగుతోంది.

"ఆకాశనీలమా అండీ?" అంది ఐశ్వర్య సందేహంగా.

"ఉండమ్మా. మీ నాన్నగారు నీలంగా ఉంటారా?"

"లేదండీ, చామనఛాయ."

"మరింకేం?" అని ఫణికిరణ్‌కి ఫోన్ చేశారు.

ఫణికిరణ్ విన్నాడు. ల్యాబ్‌లో పిల్లలున్నారు గనక గొంతు తగ్గించి మాట్లాడాడు. "అవి రెండు వేరే వేరే జబ్బులు మావయ్యా. ముందు ఆ గీత సంగతి చూద్దాం. గ్రాఫిక్స్ డ్రైవర్‌కి టేర్‌ఫ్రీ అని ఒక ఆప్షన్ ఉంటుంది. అది ఆన్ చేస్తే బొమ్మ ముక్కలవదు. ఒక చిన్న ఫైల్ రాయాలి. నేను చెబుతాను, మీరు కొట్టండి."

తెర మీద నల్ల కిటికీ ఒకటి తెరిపించాడు. ఏదో ఇంగ్లీషు కొట్టించాడు. పాస్‌వర్డ్ కొట్టమన్నాడు. నరసింహమూర్తి గారు ఒక్కో అక్షరం వెతుక్కుని ఒంటివేలితో కొట్టారు.

"కొడుతున్నాను గానీ, తెర మీద చుక్క కూడా పడట్లేదురా."

"పడదు మావయ్యా. అది అంతే."

"అంతే అంటే? నేను కొట్టానో లేదో నాకెలా తెలుస్తుంది?"

"మీరు కొట్టారుగా! ఎంటర్ నొక్కండి."

నొక్కారు. తప్పన్నది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ తప్పన్నది. కొట్టింది కనబడకుండా తప్పని మాత్రం కనబడటం ఎక్కడి న్యాయమో ఆయనకి అర్థం కాలేదు. చివరికి ఐశ్వర్య జరిగి కూర్చుని తను కొట్టింది. ఫైలంతా ఫణికిరణ్ చెప్పినట్టే రాసి, కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టారు. తెర నల్లగా వచ్చి, నల్లగానే ఉండిపోయింది. ఆ నలుపులో ఇద్దరి ముఖాలూ కనిపించాయి, రెండూ తెల్లబోయి.

"సీడీ లోపలే ఉండిపోయిందండీ," అంది ఐశ్వర్య. తల్లి కదిలే బొమ్మ ప్రపంచంలో అదొక్కటే ఉందన్న సంగతి నరసింహమూర్తి గారికి అప్పుడు బాగా తట్టింది.

ఫణికిరణ్‌కి క్లాసు అయ్యేదాకా ముప్పావుగంట అలాగే కూర్చున్నారు. ఈలోగా ఇద్దరు గిరాకీలు వచ్చి, పెద్దాయన చీరలు చూపించకుండా నల్లటి తెర వంక చూస్తూ కూర్చోవడం చూసి, ఏ కబురు వచ్చిందోనని అడక్కుండానే వెళ్ళిపోయారు. ఫణికిరణ్ మళ్ళీ ఫోన్లోకి వచ్చి, మూడు మీటలు ఒకేసారి నొక్కించి, ఫైలు తెరిపించి, పైనుంచి కిందిదాకా చదివించాడు. ఒకచోట కొటేషన్ గుర్తు తెరిచి మూయలేదు.

"ఒక్క గుర్తుకి ఇంత అలకా?" అన్నారు నరసింహమూర్తి గారు. ఐశ్వర్య ఆ గుర్తు పెట్టింది. తెర వెలిగింది. గీత పోయింది. తలలు మెడల మీద బుద్ధిగా నిలబడ్డాయి. మనుషులు మాత్రం నీలంగానే ఉన్నారు.

"ఇప్పుడు రంగు చూద్దాం," అన్నాడు ఫణికిరణ్. "వీడియోని తెర మీద పరచడానికి ఆ డ్రైవర్‌కి ఒకటి కాదు, చాలా దారులున్నాయి మావయ్యా. ఇప్పుడున్న దారిలో ఎరుపూ నీలమూ తారుమారవుతున్నాయి. ప్లేయర్లో సెట్టింగ్స్‌కి వెళ్ళి, హార్డ్‌వేర్ డీకోడింగ్ తీసేయండి. ఆ కింద వీడియో అవుట్‌పుట్ అని ఒక జాబితా ఉంటుంది, ఒక్కొక్కటే మార్చి చూడండి."

ఇది మాత్రం ఆయనకి కొంచెం అర్థమైంది. ఒకే చీర ట్యూబ్‌లైటు కింద ఒకలా, ఎండలో ఒకలా ఉండటం ఆయనకి తెలియనిదా? అందుకే ఆ కొట్లో ఏ చీరైనా గుమ్మంలోకి తీసుకెళ్ళి ఎండలో చూపించకుండా కట్టి ఇవ్వరు. ఆ లెక్కన జాబితాలో అసలైన ఎండ ఎక్కడుందో వెతకాలన్నమాట.

మొదటిది నొక్కితే మంత్రాలు వినిపించాయి, బొమ్మ రాలేదు. రెండోది నొక్కితే బొమ్మ వచ్చింది గానీ మనుషులకి బదులు ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కదులుతున్నాయి. పెళ్ళంతా అక్షరాలే. కాస్త దూరం జరిగి కళ్ళు చికిలించి చూస్తే, ఎనిమిదంకెల కుప్ప ఒకటి వంగి ఇంకో కుప్ప మెడలో తాళి కడుతున్నట్టు తెలుస్తోంది.

"ఇదేంటండీ?" అంది ఐశ్వర్య.

"నన్నడక్కమ్మా," అన్నారాయన. ఇలాంటిది ఒకటి చేసి జాబితాలో ఎందుకు పెట్టారో, దాన్ని చూసి ఎవరు సంతోషిస్తారో ఆయనకి ఎంతకీ అంతుపట్టలేదు.

మూడోదానికీ బొమ్మ రాలేదు. నాలుగో పేరు ఓపెన్‌జీఎల్. నొక్కగానే పందిరంతా మామూలు రంగుల్లోకి వచ్చింది. పట్టాభిరామయ్య మాస్టారు చామనఛాయలోకి వచ్చారు. జగదాంబ తలెత్తి నవ్వింది.

"అమ్మ," అంది ఐశ్వర్య.

నరసింహమూర్తి గారు వ్యాపారి కన్నుతో చీర చూశారు. పసుపు. ఎర్ర అంచు. ఆయన కన్ను పళ్ళెంలోకి జారింది. తలంబ్రాలు ఎర్రగా ఉన్నాయి.

"అదేంటి?" అన్నారు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని మళ్ళీ చూశారు. ఎర్రగానే ఉన్నాయి. ఎవరి దోసిట్లో చూసినా ఎర్రటి బియ్యమే.

"తలంబ్రాలంటే పసుపు కదమ్మా? పసుపుండాల్సిన చోట ఎరుపుందంటే, ఇందాకటి తారుమారు ఇంకా పూర్తిగా పోలేదు."

ఎందుకైనా మంచిదని తెరని గుమ్మంలోకి పట్టుకెళ్ళి ఎండలో చూద్దామన్నారు. తీగలు చాలినంత దూరం ఇద్దరూ మోసుకెళ్ళారు. ఎండలో బొమ్మే కనబడలేదు, రోడ్డు మీద ఆటోలు కనిపించాయి. మళ్ళీ మోసుకొచ్చారు. మళ్ళీ ఫోన్ చేశారు.

"ఓపెన్‌జీఎల్‌లో సరిగ్గానే రావాలి మావయ్యా. ముఖాలెలా ఉన్నాయి?"

"ముఖాలు బానే ఉన్నాయి."

"ముఖాలు బాగుంటే మరి..."

"మరీ లేదు గిరీ లేదు. ఎర్ర తలంబ్రాలు నువ్వెక్కడన్నా చూశావా? నీ పెళ్ళికి పళ్ళెంలో పసుపు కలిపింది నేను కాదూ?"

ఫణికిరణ్ ఆలోచనలో పడ్డాడు. అతనూ ఆ ఇంటి పిల్లవాడే. "లేదు, చూడలేదు. సరే, హ్యూ అని ఒక గీత మీద జారే బొత్తాం ఉంటుంది. సున్నా దగ్గర ఉంటే అసలు రంగు. అక్కణ్ణుంచి జరిపితే రంగులన్నీ వరసగా మారతాయి. తలంబ్రాలు పసుపయ్యేదాకా జరపండి. పళ్ళెం సరిగ్గా ఉంటే చీరా సరిగ్గా ఉన్నట్టే."

జరిపారు. ఎర్రటి బియ్యం నారింజకి తిరిగి, కొంచెం కొంచెంగా బంగారంలాంటి పసుపైంది. ఆయన వేలు ఆగింది. చీర వైపు చూశారు.

చిలకపచ్చ. అంచు జరీలా పసుపుపచ్చగా మెరుస్తోంది.

ఆయన పరుపు మీంచి లేచి నిలబడ్డారు. "గుర్తొచ్చిందమ్మా! నేనే అమ్మాను! కొల్లేటికోట నుంచి అక్కచెల్లెళ్ళిద్దరు వచ్చారు. చిన్నావిడ ఈ గుమ్మంలోనే నిలబడి, ఎండలో పట్టి చూసుకుని, అద్దం కావాలని అడిగింది. చిలకపచ్చ పట్టు, జరీ అంచు. ఇరవై ఏడేళ్ళయింది. చూశావా, మరిచిపోలేదు!"

ఐశ్వర్య ముఖం వెలిగి, అంతలోనే సందేహంగా తెర వైపు తిరిగింది. "ముఖాలు ఒకలా అయిపోయాయండీ."

"నలుగు పెట్టి పసుపు రాస్తారు కదమ్మా."

"పురోహితుడు గారికి కూడానా?"

"దీపం వెలుగు పడి ఉంటుంది."

పెళ్ళికూతురి పక్కన ఎవరివో రెండు చేతులు తలంబ్రాల పళ్ళెం పట్టుకుని ఉన్నాయి. మనిషి కనబడదు. ఆ చేతులు మోచేతుల దాకా చిలకపచ్చగా ఉన్నాయి.

"అదిగో, రవికె గుడ్డ మిగిలితే ఎవరో నిండు చేతులతో కుట్టించుకున్నారు. గుడ్డ కూడా మనదే."

"వేళ్ళు కూడా పచ్చగా ఉన్నాయండీ."

"గోరింటాకు కడుక్కుని ఉండరు," అన్నారాయన. పెళ్ళి పందిట్లో కడగని గోరింటాకుతో ఎవరు తిరుగుతారన్నది ఆయన ఆలోచించలేదు. తను అమ్మిన చీర తనకి కనబడ్డాక ఇంక మిగతావి ఆయనకి ఆనవు.

నమూనా దారాల కట్ట తెచ్చి, తెర పక్కన పెట్టి పోల్చి, చిలకపచ్చ పోగు ఒకటి తెంపి కవర్లో పెట్టి సాయంత్రం బస్సుకి పంపించారు. వీడియోని కంప్యూటర్లోకి ఎక్కించి ఉంచుకుని, సీడీ భద్రంగా తిరిగి ఇచ్చారు. వెళ్ళబోతూ ఐశ్వర్య గుమ్మంలో ఆగింది.

"ఇందాక ముఖాలు బాగున్నప్పుడే మా అమ్మలా అనిపించిందండీ," అంది మెల్లిగా. ఆయన అప్పటికే నేతవాళ్ళతో ఫోన్లో ఉన్నారు.

ఆదివారం నాడు ఐశ్వర్య వీరరాఘవమ్మని వెంటబెట్టుకుని వచ్చింది, పెళ్ళిలో పెద్దమ్మ కట్టుకోవడానికి చీర కొందామని. వీరరాఘవమ్మ పొద్దున్నే ఆకివీడు మీదుగా బస్సులో వచ్చింది. అరవై దాటిన మనిషి, సన్నగా, మాట నెమ్మది. ఆవిడ వెనకనుంచి ఐశ్వర్య పెదాల మీద వేలు పెట్టి సైగ చేసింది. నరసింహమూర్తి గారు తలూపారు.

ఒట్టు పెట్టినట్టు అరగంట ఓర్చుకున్నారు. ఆయన శక్తికి అది చాలా ఎక్కువ.

"ఏవండీ వీరరాఘవమ్మ గారూ, మీ చెల్లెలి గారి పెళ్ళికి మా కొట్లో చీర తీసుకున్నారు, గుర్తుందా అండీ?"

ఆవిడ చేతిలో ఉన్న చీర మడత పెట్టడం ఆపింది. "గుర్తులేకేమండీ."

"ఏ రంగో చెప్పండి చూద్దాం."

"చిలకపచ్చ."

ఆయన ఐశ్వర్య వైపు గెలిచిన చూపు చూశారు. ఐశ్వర్య ఇంక ఆపుకోలేకపోయింది. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఏడుస్తూ అంతా చెప్పేసింది, తలంబ్రాలప్పుడు అమ్మలా కనబడాలనుకున్నదీ, చీర మగ్గం ఎక్కిందీ. వీరరాఘవమ్మ ఆ పిల్ల తల నిమిరింది గానీ, ఆవిడ ముఖంలో సంతోషంతో పాటు ఇంకేదో కంగారు కనిపించింది. ఏదో అనబోయి ఆగిపోయింది. అది కనబడని నరసింహమూర్తి గారు అప్పటికే కంప్యూటరు ముందుకి నడిచారు.

"అనుమానమెందుకు, మీ కళ్ళతో చూడండి."

బొమ్మ వచ్చింది. వీరరాఘవమ్మ దగ్గరికి వంగి చూసింది. చూసి, కళ్ళు నలుపుకుంది.

"అందరికీ కామెర్లు వచ్చినట్టున్నాయేంటండీ?"

"దీపం వెలుగండీ," అన్నారాయన, ఈసారి కొంచెం బలం లేకుండా.

"తలంబ్రాలు ఇలా ఉన్నాయేంటి? ఇవి ఎర్రగా ఉండాలి కదండీ."

"ఎర్రగానా?" అన్నారు నరసింహమూర్తి గారు.

"ఇందులో మా జగదాంబ కట్టుకున్నది మీ చీర కాదండీ," అంది వీరరాఘవమ్మ. "చెప్పకూడదనుకున్నాను ఇన్నేళ్ళూ."

ఆవిడ పరుపు అంచున కూర్చుని చెప్పింది. పెళ్ళికి నాలుగు రోజుల ముందునుంచీ ఒకటే వాన. కొల్లేరు పొంగి రోడ్డు మునిగిపోయింది. కెమెరా అబ్బాయి ముందే వచ్చి ఊళ్ళో చిక్కుకుపోయాడు గనక ఆ మాత్రం వీడియో మిగిలింది. చీరలున్న పెట్టెని ఆకివీడు చుట్టాలింటి నుంచి పడవలో తెప్పించారు. దార్లో పడవలోకి నీళ్ళొచ్చాయి. పెళ్ళిరోజు పొద్దున్న పెట్టె తెరిచి చూస్తే...

అక్కడ ఆవిడ ఆగి నరసింహమూర్తి గారి ముఖంలోకి చూసింది.

"రంగు దిగిందా అండీ?" అన్నారాయన.

"దిగిందండీ. పెట్టెలో తెల్లబట్టలన్నీ పచ్చగా అయిపోయాయి. చీర మరకలు మరకలుగా వెలిసిపోయింది. మా జగదాంబ దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఎంత ఏడ్చిందో! ఆ చీర కోసం రోజులు లెక్కపెట్టుకుంది పిచ్చిది. ఇంకో పట్టుచీర ఎక్కణ్ణుంచి తేవాలి, చుట్టూ నీళ్ళు. మా అమ్మకి పెట్టిన కొత్త నేతచీర ఒకటి ఉంది, తెల్లది, ఎర్ర అంచుది. నేనే పసుపు నీళ్ళలో ముంచాను. ఇంట్లో ఉన్న పసుపు చాలలేదు, పక్కిళ్ళ వాళ్ళు డబ్బాలు దులిపి ఇచ్చారు. దండెం మీద ఆరీ ఆరకముందే కట్టించి పీటల మీద కూర్చోబెట్టాం. తీరా తలంబ్రాలు కలపబోతే ఊళ్ళో చిటికెడు పసుపు లేదు. కుంకుమ కలిపాం. పురోహితుడు గారు గొణిగితే, కుంకుమ మాత్రం శుభం కాదా అంది మా అమ్మ."

నరసింహమూర్తి గారు మౌసు పట్టుకున్నారు. హ్యూ బొత్తాన్ని ఎడమకి జరిపారు, మెల్లిగా, సున్నా దాకా.

చిలకపచ్చ పోయింది. జరీ అంచు ఎర్ర అంచైంది. తలంబ్రాలు కుంకుమ రంగుకి తిరిగాయి. ముఖాల కామెర్లు పోయి అందరూ మనుషులయ్యారు. మధ్యలో జగదాంబ పసుపు చీరలో, ఏడ్చి ఉబ్బిన కళ్ళతో, నవ్వుతూ కూర్చుని ఉంది. ఈ బొమ్మ బుధవారం మధ్యాహ్నమే ఆయన కళ్ళ ముందుకి వచ్చింది. సరిగ్గా ఉన్నదాన్ని పట్టుకుని తనే పాడు చేశారు.

"ఆ చేతులు," అంది ఐశ్వర్య.

పెళ్ళికూతురి పక్కన పళ్ళెం పట్టుకున్న ఆ రెండు చేతులు. రవికె లేదు, గోరింటాకు లేదు. వేలికొనల నుంచి మోచేతుల దాకా ముద్ద పసుపు.

"నావేనమ్మా," అంది వీరరాఘవమ్మ. "ఎంత తోమినా పోలేదు. నెల్లాళ్ళు అలాగే ఉన్నాయి."

ఐశ్వర్య ఆవిడ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, ముఖం ఆన్చుకుని, గట్టిగా ఏడ్చింది. ఈసారి ఆవిడ కూడా ఏడ్చింది.

నరసింహమూర్తి గారికి ఎటు చూడాలో తెలియలేదు. సిగ్గేసింది. ఆ గుమ్మంలో నిలబడి అద్దం అడిగిన పిల్ల ముఖం ఆయనకి ఇప్పుడు మరీ బాగా గుర్తొస్తోంది. ఆ పిల్లకి ఆయన స్వయంగా చెప్పారు, ఈ కొట్లో చీర రంగు దిగదమ్మా అని.

"ఒక్క మాట చెప్పలేదేమండీ మీరు ఇన్నేళ్ళూ?"

"పెళ్ళిచీర రంగు దిగిందంటే ఏదో అపశకునమంటారని మా అమ్మ ఎవరికీ చెప్పొద్దంది. జగదాంబ పోయాక ఇంక అసలే చెప్పలేకపోయాం. చెబితే, అందుకే పోయిందని అనరూ? అందుకని ఎవరన్నా అడిగితే చిలకపచ్చ చీరే కట్టుకుందని చెప్పేదాన్ని. ఈ పిల్ల ముందు మాత్రం ఆ మాటే ఎత్తలేదు."

"తప్పు నాది," అన్నారాయన. "అద్దకం నేను చూసుకోవాల్సింది. ఆ అమ్మాయిని ఏడిపించింది నేను." నలభై ఏళ్ళలో ఆ కొట్లో ఆయన నోట అలాంటి మాట రావడం అదే మొదటిసారి. "మగ్గం మీదున్నది ఆపించేస్తానమ్మా. ఇప్పుడే ఫోన్ చేస్తాను."

"వద్దండీ," అంది ఐశ్వర్య ముఖం తుడుచుకుంటూ. "నేయనివ్వండి. అమ్మ కట్టుకోవాలని కట్టుకోలేకపోయిన చీర అది. అత్తారింటికి వెళ్ళేటప్పుడు నేను కట్టుకుంటాను. ఈసారి రంగు మాత్రం దిగనివ్వకండి."

"దిగదమ్మా. మూడుసార్లు నీళ్ళలో పిండి మరీ ఇస్తాను."

తర్వాత ఆయన నిచ్చెన వేసుకుని పైఅరలోంచి నేతచీరల కట్ట తనే దించారు. తెల్లది, ఎర్ర అంచుది ఒకటి ఏరి, గుమ్మంలోకి తీసుకెళ్ళి, ఎండలో మడత మడతా విప్పి చూశారు. ఎక్కడా చిన్న మచ్చ కూడా లేదు. అంచు మీద తడి గుడ్డ పెట్టి గట్టిగా రుద్దారు. గుడ్డ తెల్లగానే ఉంది. అప్పుడు తెచ్చి, పెళ్ళికూతురికని వీరరాఘవమ్మ ఒళ్ళో పెట్టారు.

ఆవిడ చీర నిమిరి, అంచు చూసి, మనసులో ఏదో లెక్క వేసుకుంది. "అరకిలో పసుపుంటే దీనికి సరిపోతుంది. ఇప్పుడు కరువేముంది, ఇంకో పావుకిలో తలంబ్రాలకి విడిగా తీసి పెడతాను."

ఐశ్వర్య తెర వైపు చూస్తోంది. అక్కడ జగదాంబ రెండు చేతులూ ఎత్తి ఎర్రటి బియ్యం మాస్టారి తల మీద పోస్తోంది.

"తలంబ్రాలకి పసుపు మిగల్చొద్దు పెద్దమ్మా," అంది.